గడువు దాటిన రిటెన్ స్టేట్‌మెంట్: నిబంధనలను నేను చదివిన పద్ధతి

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులారా, బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేని అసలు చట్ట పాఠంలో) ఒక ఆదేశం కనిపించగానే, దాన్ని పాటించకపోతే ఏమవుతుందో చట్టం చెప్పిందా అని వెతకడం నా సివిల్ లా ప్రిపరేషన్‌లో అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8, రూల్ 1 ప్రకారం సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది రిటెన్ స్టేట్‌మెంట్ (దావాకు రాతపూర్వక జవాబు) దాఖలు చేయాలి. కారణాలు నమోదు చేసి కోర్టు ఆ గడువును 90 రోజుల వరకు పొడిగించవచ్చు. చదవగానే 91వ రోజున తలుపు మూసుకుపోయినట్టే అనిపిస్తుంది. అయితే 2005లో కైలాష్ వర్సెస్ నన్హకూ కేసులో సుప్రీంకోర్టు, ఈ నిబంధన ప్రతివాదిపై బాధ్యత మోపుతుందే తప్ప కోర్టు అధికారాన్ని తొలగించదని, గడువు తప్పితే కలిగే పర్యవసానాన్ని కూడా చెప్పలేదని గమనించి, దీన్ని డైరెక్టరీగా (గడువు దాటినా కోర్టు మన్నించగలిగే నిబంధనగా) నిర్ణయించింది. అలాగని పొడిగింపు హక్కు కాదు, అసాధారణ పరిస్థితుల్లోనే లభిస్తుంది. చాలామంది జవాబుల్లో ఈ సగమే రాయకుండా వదిలేస్తారు.

ఇదే రూల్ వాణిజ్య వివాదాలకు వచ్చేసరికి, 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం చేసిన సవరణ వల్ల, సమన్లు అందాక 120 రోజులు దాటితే ప్రతివాది హక్కు కోల్పోతాడని, కోర్టు ఆ రిటెన్ స్టేట్‌మెంట్‌ను రికార్డులోకి తీసుకోకూడదని స్పష్టంగా చెబుతుంది. పర్యవసానం చట్టంలోనే ఉంది కాబట్టి 2019లో ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మాండేటరీగా (కోర్టు కూడా సడలించలేని నిబంధనగా) పరిగణించింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఫిర్యాదుకు జవాబివ్వడానికి ఉన్న 30, ఆపై 15 రోజుల గడువు కూడా దాటరానిదేనని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కేసుల పేర్లు బట్టీపట్టడం కన్నా ఈ తేడాకు కారణం పట్టుకోవడమే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే సాధన కోసం నేను ఒకే సమస్యను తీసుకుని వేదికను మార్చేవాణ్ణి. ప్రతివాది 130వ రోజున వచ్చాడనుకుందాం: సాధారణ దావాలో బలమైన కారణం, ఖర్చుల చెల్లింపు వంటి షరతులతో కోర్టు అనుమతించే అవకాశం ఉంది, వాణిజ్య దావాలో లేదు. అదే 100వ రోజైతే వాణిజ్య దావాలోనూ కారణాలు నమోదు చేసి, ఖర్చులు విధించి అనుమతించవచ్చు. మెయిన్స్‌లో సమస్యాత్మక ప్రశ్న వచ్చినప్పుడు మొదట దావా స్వభావాన్ని, తరువాత సమన్లు అందిన తేదీని గుర్తించి, ఆ పైనే తీర్పుల జోలికి వెళ్లండి.