విళంబి, వైశాఖం, గురువారం

కూల్చే ఇల్లు కనిపిస్తే ఆగిపోవడం నాకున్న జబ్బు. పొద్దున్నే నడుస్తుంటే గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో ఒక పెంకుటిల్లు సగం దింపేసి ఉంది. దూలాలు, గుమ్మాలు ఒక పక్క పేర్చి, ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ మట్టికుప్ప మీద బోర్లించారు. పైపైనే ఉంది, నాలుగు మూలలా పసుపు మరకలతో ఒక శుభలేఖ. మేస్త్రీని అడిగితే, "తీసుకెళ్లండి సార్, చెత్తేగా" అన్నాడు.

ఇంటికొచ్చి వేలితో తడిమి చూశాను. అక్షరాలు కాగితంలోకి దిగబడి, వెనకవైపు గరుగ్గా తగిలాయి. సీసపు అక్షరాలు పేర్చి అచ్చొత్తిందన్నమాట. అడుగున ప్రెస్సు పేరు చెదలు తినగా "తెనాలి" ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషు తేదీ ఎక్కడా లేదు. విళంబి నామ సంవత్సర వైశాఖ శుద్ధ పంచమీ గురువారం, అంతే.

వెనకాల సిరాతో చదివింపుల చిట్టా. 5-0-0, 2-0-0, 1-8-0... రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు). ఇక్కడే నేను బోల్తా పడ్డాను. అణాల బదులు నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అణాల్లో రాశారంటే పెళ్లి అంతకుముందే జరిగి ఉండాలి. విళంబి అరవై ఏళ్లకోసారి వస్తుంది: 2018, 1958, 1898. ఇంకేం, నూట పాతికేళ్ల నాటి శుభలేఖ దొరికిందని ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

అసలు పరీక్ష వారంతో. సంవత్సరం పేరు, తిథి అరవై ఏళ్ల తర్వాత మళ్లీ కలిసొచ్చినా, వారం కూడా కలవాలని లేదు. పంచాంగం సైటులో వెనక్కి లెక్క వేస్తే 1898లో ఆ పంచమి గురువారం దరిదాపుల్లో కూడా లేదు. 1958కి వేస్తే ఏప్రిల్ 24, గురువారం. సైటును పూర్తిగా నమ్మబుద్ధి కాక ఇంకో దారిలోనూ చూశాను. సూర్యగ్రహణం పట్టేది అమావాస్యనాడే కదా. 1958 ఏప్రిల్ 19న, శనివారం, సూర్యగ్రహణం ఉంది. అది చైత్ర అమావాస్య. ఆదివారం పాడ్యమి, అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెడితే గురువారానికి పంచమి. ఈ లెక్క కుదిరినప్పుడు కలిగిన ఆనందం నాకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

మరి అణాల మాటేమిటి? అమ్మనడిగాను. "ఓరి పిచ్చోడా, సర్కారు మారిస్తే మనుషులు మారతారా? మీ తాతయ్య పోయేదాకా అణాల్లోనే లెక్క రాశాడు. నువ్వు మాత్రం పావలా అనలేదూ?" అంది. నిజమే, పావలా అంటే నాలుగణాలే. పాత నాణేలు కూడా కొత్తవాటితో కలిసి కొన్నేళ్లు చెలామణీ అయ్యాయి. స్నేహితులకు మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చింది.

శుభలేఖ ఇచ్చేద్దామని ఆ ఇంటివాళ్ల గురించి ఎదురుగా టీ కొట్టులో వాకబు చేశాను. స్థలం అమ్మేసి వెళ్లిపోయారట, ఎక్కడికో అతనికీ తెలీదు.

అమ్మ ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఆ చిట్టానే చదువుతోంది. ఒకరు కంచుగ్లాసు ఇచ్చారు, ఒకరు రవికెగుడ్డ. మధ్యలో ఒకాయన పేరు పక్కన అంకె లేదు. "రేపు" అని రాసి ఉంది.