తలూపితే చాలదట

"తలూపారు కదా, అర్థమైనట్టే" అన్నందుకు ఇక్కడ అమెరికాలో, నేను పనిచేసే వార్డులో నాకు చివాటు పడింది. హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే జబ్బు) చేరి ఇంటికెళ్తున్న పెద్దాయన చేత, విన్నదంతా తిరిగి చెప్పించాలట. డెబ్బై దాటిన మనిషిని పాఠం అప్పజెప్పమనడం ఏం మర్యాద? చాన్నాళ్లు మింగుడుపడలేదు.

అడిగే తీరు చూశాక కొంత మెత్తబడ్డాను. "అర్థమైందా?" అనకూడదు, దానికి మనవాళ్ల జవాబు ఎప్పుడూ "ఆఁ" యే. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలండీ. బరువు పెరిగితే ఏం చేస్తారు?" అనాలి. తప్పేదైనా ఉంటే చెప్పినవాళ్లదే. రావాల్సిన జవాబు ఇది: రోజూ పొద్దున్నే బాత్రూముకెళ్లొచ్చి, టిఫిన్‌కి ముందే, అదే మిషన్ మీద బరువు చూసి రాసుకుంటాను. ఒక్కరోజులో 3 పౌండ్లో, వారంలో 5 పౌండ్లో పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేస్తాను. అంత త్వరగా పెరిగేది కొవ్వు కాదు, నీరు.

ఉప్పు దగ్గరే అసలు చిక్కు. రోజుకు హద్దు 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే ఉప్పు 5 గ్రాములు, చెంచా నిండదు. "కూరల్లో తగ్గించేశామండీ" అంటారు. ఆవకాయ, అప్పడాలు, చల్లమిరపకాయలు ఆ లెక్కలోకి రావు. కొడుకు తర్జుమా చేస్తే మన పది వాక్యాలూ "ఉప్పు తగ్గించమంటున్నారు నాన్నా" అన్న ఒక్క ముక్కగా తేలతాయి. అందుకే ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుంటాం. మందుల డబ్బాలన్నీ బల్ల మీద పెట్టించాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గించే మాత్ర) అక్కడి పేరుతో ఒకటి, ఇక్కడిది ఒకటి ఉంటాయి. రెండూ వేసుకుంటే నాడి మందగిస్తుంది. మోకాళ్ల నొప్పులకని ఐబుప్రొఫెన్ మింగితే ఒంట్లో నీరు మళ్లీ చేరుతుంది.

ఇదంతా దయే అనుకోకండి. ఇక్కడి 2010 ఆరోగ్య చట్టం ప్రకారం, 2012 అక్టోబరు నుంచి, డిశ్చార్జైన 30 రోజుల్లోపు తిరిగి చేరేవాళ్లు అంచనాకు మించితే ఆస్పత్రికి మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) చెల్లింపుల్లో కోత పడుతోంది, ఇప్పుడు గరిష్ఠంగా 3 శాతం. వేరే ఆస్పత్రిలో చేరినా లెక్క మొదటి ఆస్పత్రి మీదికే వస్తుంది. "అబ్జర్వేషన్" (కాసేపు కనిపెట్టి చూడటం) పేరుతో ఒక రాత్రి ఉంచుకుంటే మాత్రం చేరినట్టు కాదు. ఆ సందు నాకు నచ్చదు.

మన ఊళ్లో అయితే డిశ్చార్జైన సాయంత్రానికే పరామర్శకు వచ్చిన ఏ పెద్దమ్మో "కాళ్లు వాచాయేంట్రా" అని పట్టేస్తుంది (ఆవిడే నీరసమని గ్లూకోజు నీళ్లు తాగిస్తుంది, అది వేరే సంగతి). ఇక్కడ ఆ పెద్దమ్మ పని 48 గంటల్లోపు మేం చేసే ఫోనుది, వారంలోపు డాక్టర్ అపాయింట్‌మెంటుది. ఫోన్లోనూ "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నానమ్మా" అంటారు. అందుకని, "మిషన్ ఎక్కి చూసి చెప్పండి బాబాయిగారూ, నేను లైన్లోనే ఉంటాను" అంటాను.