కొలిమికి పోకుండా ఇంటికొచ్చిన గద్వాల చీర

చీర నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. ఆ కొట్లో పడ్డ మాటలు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

పాత చేనేత చీరలు వెతికి దాచుకోవడం నాకు ఆరేళ్లుగా పిచ్చి. హైదరాబాదులో జుమేరాత్ బజారుకు వెళ్తే ఒక్కోసారి దొరుకుతాయి, తెల్లారి త్వరగా వెళ్లాలి, అంతే. అంతకంటే, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెతో స్నేహం చేసుకోండి. ఎవరింట్లో ఏ పెట్టె ఖాళీ అవుతుందో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా వీధికొచ్చే ఆమే ఫోన్ చేసింది: "అక్కా, తొమ్మిది గజాల గద్వాల చీర ఒకటొచ్చింది. జరీ కొట్టుకు వేసేసిన. జల్ది పోతే దొరుకుతది."

ఆటో ఎక్కి పరిగెత్తాను.

పాత జరీ కొనే కొట్టు అది. గల్లాపెట్టె పక్కన కాటా, కత్తెర, కింద చీరల గుట్ట. మామిడిపండు రంగు నూలు ఒళ్లు, వక్కరంగు పట్టు అంచు, అంచు మీద కుంభాల వరస. చూడగానే గుర్తుపట్టాను. అప్పటికే ఒక మూల జానెడు అంచు కత్తిరించి ఉంది.

"అమ్మడానికి ఏం తెచ్చినవమ్మా?" అన్నాడు కొట్టాయన.

"కొనడానికొచ్చానండీ. ఆ చీర కట్టుకుంటాను."

కొట్లో ఆరుగురు మగవాళ్లున్నారు. ఆయన వాళ్ల వైపు తిరిగి, "చచ్చిపోయినోళ్ల చీరలు కట్టుకునే ఖర్మేందో!" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకాయనైతే, ఐదొందలకు సేల్‌లో కొత్తవే వస్తాయని సలహా ఇచ్చాడు. చీర ముట్టుకోబోతే కొట్టాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కొంటేనే ముట్టుకో" అని నలభై నిమిషాలు నిలబెట్టాడు. స్టూలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. ముఖం మండిపోయింది, కళ్లల్లో నీళ్లొచ్చాయి. అయినా కదల్లేదు.

చివరికి చీర చేతికిచ్చాడు. కత్తిరించిన చోట ఒక జరీ పోగు లాగి గోటితో గీరాను. పైన మెరుపు, కింద వెండి తెలుపు, లోపల ఎర్ర పట్టుదారం. అసలు జరీ. రాగి తీగైతే గీరగానే ఎర్రగా బయటపడుతుంది. ఇప్పుడు ఒక్క పోగు చాలు, నేను చెప్పేస్తాను. నూలూ పట్టూ కలిసే చోట వేలు పెట్టి చూశాను. అక్కడ సూదితో వేసిన కుట్టు లేదు. మగ్గం మీదే పేక పోగుకు పేక పోగు మెలేసి కలిపాడు ఆ నేతగాడు. ఆ వరస వేలికి సన్నగా తగిలింది.

ఆ కాటాకు ఇదేమీ తెలియదు. చీరను కాల్చి వెండి తీస్తారు, ఆ వెండికే ధర. నేతకు పైసా విలువ కట్టరు. మీ ఇంట్లో నాయనమ్మల చీరలుంటే, దయచేసి జరీ కొట్లకు వేయకండి. మీకొద్దంటే కట్టుకునేవాళ్లకివ్వండి.

ఏడు వేలు అడిగాడు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. చీటీ అడిగితే విసుక్కున్నాడు, అయినా రాయించుకునే కదిలాను. మీరూ రాయించుకోండి.

రఫూ చేసే చాచా రెండు చిరుగులు కలిపేశాడు, ఎక్కడున్నాయో నాకే కనబడటం లేదు. అంచు పోయిన జానెడు చోట మాత్రం కొత్త జరీ వేయనన్నాడు. "రంగు కలవదు బేటీ, అట్లనే ఉండనీ" అన్నాడు. ఉతికిన తెల్ల పంచెలో చుట్టి బీరువాలో పెట్టాను. కలరా ఉండలు వేయలేదు, వాటికి జరీ నల్లబడుతుంది.

ఇది రాస్తుండగానే గిన్నెలామె మళ్లీ ఫోన్ చేసింది. చీర కాదట, ఎర్రా నలుపూ గళ్ల రుమాలు, నూనె వాసనొస్తోందట. నూలుకు నూనె పట్టించి నేసే తేలియా రుమాలేమో! ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. రేపు పొద్దున్నే వెళ్తున్నాను.