మొక్క వచ్చింది, విద్య రాలేదు

ఒక పంట ఎక్కడ పుట్టింది, ఏ ఓడ ఎక్కి ఏ తీరం చేరింది అన్న వివరాలు ఆహార చరిత్రలో సులభంగానే దొరుకుతాయి. ఆ ఓడ ఎక్కకుండా రేవులోనే మిగిలిపోయినదేమిటన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. విత్తనం సముద్రాలు దాటగలదు. కానీ ఆ మొక్కతో వేల ఏళ్లు కలిసి బతికిన మనుషులకు తెలిసిన సంగతులు, ఆ నేలలో దానికి తోడుగా ఉన్న ప్రాణులు దానితో పాటు రావు. మనం రోజూ తినే, తాగే కొన్ని పదార్థాల చరిత్ర ఈ లోటు వల్లనే మలుపు తిరిగిందని నా అభిప్రాయం.

వెనిల్లా సంగతే చూడండి. అది ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ. మెక్సికో తూర్పు తీరంలోని టోటోనాక్ ప్రజలకు దాని సాగు బాగా తెలుసు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఆ కాయలను యూరప్‌కు తీసుకువెళ్లారు, ఆ తర్వాత తీగలు కూడా వెళ్లాయి. అక్కడి అద్దాల గదుల్లో తీగలు ఏపుగా పెరిగాయి, పూలు కూడా పూశాయి, కానీ కాయలు కాయలేదు. వెనిల్లా పువ్వు ఒక్క రోజే విచ్చుకుని ఉంటుంది. అందులో పుప్పొడికీ, అది చేరవలసిన ఆడ భాగమైన కీలాగ్రానికీ మధ్య ఒక పల్చని పొర అడ్డుగా ఉంటుంది కనుక, బయటి సాయం లేకుండా కాయ పట్టడం దాదాపు అసాధ్యం. మెక్సికో అడవుల్లో ఆ సాయం చేసే తేనెటీగలు యూరప్‌లో లేవు. అందువల్లనే దాదాపు మూడు వందల ఏళ్ల పాటు వెనిల్లా విషయంలో ప్రపంచమంతా మెక్సికో మీదనే ఆధారపడింది.

1836లో బెల్జియంలోని లీజ్ నగరంలో చార్ల్స్ మోరెన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చేత్తో పరాగసంపర్కం జరిపి కాయలు కాయించగలిగాడు, అయితే ఆ పద్ధతి తోటల్లో వాడుకోదగినంత తేలికైనది కాదు. అలాంటి తేలికైన పద్ధతిని 1841లో కనుగొన్నది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో బానిసగా బతుకుతున్న పన్నెండేళ్ల బాలుడు ఎడ్మండ్. పుట్టుకతోనే తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లవాడిని యజమాని ఫెరియోల్ బెలియే బోమాన్ తన వెంట తోటలో తిప్పుతూ, గుమ్మడి జాతి పాదుల్లో మగ పువ్వును ఆడ పువ్వుకు తాకించడం నేర్పాడు. ఎడ్మండ్ ఆ విద్యను తనంతట తాను వెనిల్లా పువ్వు దాకా తీసుకువెళ్లాడు. సన్నని పుల్లతో అడ్డుపొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్దాడు. కొన్ని సెకన్లలో ముగిసే పని అది. ఇతర తోటల్లో పనిచేసేవారికి నేర్పడానికి అతన్ని దీవి అంతటా తిప్పారు, కొన్ని దశాబ్దాలలోనే రీయూనియన్ ఉత్పత్తి మెక్సికోను మించిపోయింది.

1848లో అక్కడ బానిసత్వం రద్దయినప్పుడు ఎడ్మండ్‌కు స్వేచ్ఛతో పాటు ఆల్బియస్ అనే ఇంటిపేరు కూడా వచ్చింది, కానీ ఆ సంపదలో వాటా మాత్రం రాలేదు. దొంగతనం కేసులో జైలుకు వెళ్లి గడువుకన్నా ముందే విడుదలైన అతను 1880లో కటిక పేదరికంలో చనిపోయాడు. ఆ పద్ధతిని తానే నేర్పానని ఒక ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు చెప్పుకున్నప్పుడు, అది ఎడ్మండ్ సొంత ఆలోచనేనని పాత యజమాని బెలియే బోమాన్ లిఖితపూర్వకంగా సాక్ష్యమిచ్చాడు కనుకనే ఈ వివరాలు మనదాకా వచ్చాయి. ఈనాటికీ మడగాస్కర్ తోటల్లో ఒక్కొక్క పువ్వునూ దాదాపు అదే పద్ధతిలో చేత్తోనే తాకుతారు. అంత విస్తృతంగా వాడే పద్ధతిని కనిపెట్టినవాడి పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

మొక్కజొన్న విషయంలో వెనక ఉండిపోయింది వంట పద్ధతి, ఆ లోటుకు మనుషులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. సుమారు 9,000 ఏళ్ల క్రితం నైరుతి మెక్సికోలో టియోసింటే అనే గడ్డి జాతి నుంచి రైతులు మొక్కజొన్నను తయారుచేసుకున్నారు. ఆ ప్రాంతపు ప్రజలు మూడు వేల ఏళ్లకు పైగా ఆ గింజలను సున్నం కలిపిన నీళ్లలోనో, కట్టెల బూడిద కలిపిన నీళ్లలోనో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుకునేవారు. దీన్ని నిక్స్టమల్ పద్ధతి అంటారు. పై పొట్టు సులభంగా ఊడిపోవడం, పిండి ముద్ద కట్టడం అందరికీ కనిపించే ప్రయోజనాలే. కంటికి కనిపించని ప్రయోజనం వేరే ఉంది: మొక్కజొన్నలోని నియాసిన్, అంటే బి3 విటమిన్, మన శరీరానికి అందని రూపంలో బంధించి ఉంటుంది, ఆ సున్నపు నీరే దాన్ని విడిపిస్తుంది.

యూరప్ గింజలను తీసుకుంది, సున్నాన్ని వదిలేసింది. మొక్కజొన్న తప్ప మరేదీ కొనుక్కోలేని నిరుపేదల్లో చర్మం మంటపుట్టి పగిలిపోవడం, విరేచనాలు, మతిభ్రమణం, చివరకు మరణం కనిపించసాగాయి. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పార్ కసాల్ ఈ జబ్బు లక్షణాలను వర్ణించాడు. తర్వాత ఇటలీలో పెల్లాగ్రా అన్న పేరు దీనికి స్థిరపడింది. 20వ శతాబ్దం మొదట్లో ఇది అమెరికా దక్షిణ రాష్ట్రాలను పట్టి పీడించింది, అది అంటువ్యాధి అని చాలామంది వైద్యులు భావించారు. 1914లో ప్రభుత్వం పంపగా అక్కడికి వెళ్లిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక విషయం గమనించాడు: ఆసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో రోగులకు జబ్బు వస్తోంది, వారితో రాత్రింబగళ్లు మెలిగే సిబ్బందికి రావడం లేదు. తేడా అంతా భోజనంలోనే ఉందని ఆయన పట్టుకున్నాడు. అంటువ్యాధి కాదని నిరూపించడానికి రోగుల రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకున్నాడు, ఆయన భార్య మేరీ కూడా అందుకు సిద్ధపడింది. అయినా దక్షిణ రాష్ట్రాల్లో చాలామంది ఆ మాటను చాలాకాలం ఒప్పుకోలేదు, ఎందుకంటే ఒప్పుకుంటే పత్తి పొలాల్లో పనిచేసేవారి పేదరికాన్ని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. గోల్డ్‌బర్గర్ 1929లో మరణించాడు. లోపించినది నియాసిన్ అని 1937లో తేలింది. సున్నపు నీళ్లలో గింజలు ఉడికించుకునే మెక్సికో ఇల్లాలికి ఈ జబ్బు సంగతే తెలియదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, పాత వంట పద్ధతిని కారణం తెలియకుండా మూఢత్వమని తోసిపుచ్చేవారితో నేను వాదించడానికి.

మిరపకు మాత్రం ఇలాంటి చిక్కేమీ రాలేదు. అమెరికా ఖండం దాటిన నూరేళ్ల లోపే పోర్చుగీసు వర్తకుల ద్వారా అది ఆఫ్రికా, ఆసియా ఖండాలకు పాకింది. దానికి ప్రత్యేకమైన తేనెటీగ అక్కర్లేదు, సున్నం అక్కర్లేదు. పైగా పక్షులకు కారం తెలియదు కనుక పండ్లు తిని గింజలను దూరదూరాలకు అవే చేరవేస్తాయి.

మొక్క ఒక్కటే చాలదన్న సంగతి ఈస్టిండియా కంపెనీకి బాగా అర్థమైంది. 1848లో ఆ కంపెనీ పంపగా స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా దుస్తులు ధరించి, విదేశీయులకు ప్రవేశం లేని తేయాకు కొండల్లోకి వెళ్లాడు. గ్రీన్ టీ ఒక మొక్క నుంచి, బ్లాక్ టీ వేరొక మొక్క నుంచి వస్తాయని మొక్కల వర్గీకరణకు పునాది వేసిన లినేయస్ అంతటివాడు వర్గీకరించి ఉండగా, రెండూ ఒకే మొక్క ఆకులని ఫార్చ్యూన్ తన కళ్లతో చూసి నిర్ధారించాడు. కోసిన వెంటనే ఆకును వేడిచేస్తే అది పచ్చగా నిలుస్తుంది. వాడ్చి, నలిపి, గాలికి వదిలితే నల్లబడుతుంది. తేడా అంతా పనివాళ్ల చేతుల్లో ఉందన్నమాట. అందుకే 1851లో హిమాలయ పాదాల తోటలకు అతను మొక్కలతో పాటు చైనాకు చెందిన తేయాకు పనివారిని కూడా తీసుకువచ్చాడు. తెలివైన పనే, కానీ నా దృష్టిలో అది దొంగతనమే.

బంగాళాదుంప విషయంలో వెనక ఉండిపోయింది వైవిధ్యం. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, టిటికాకా సరస్సు పరిసరాల్లో వేల ఏళ్లుగా దుంపలు పండించే రైతులు ఒకే పొలంలో ఎన్నో రకాలు కలిపి నాటుతారు. మంచుకు ఒకటి పోయినా, తెగులుకు మరొకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. రాత్రి గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, కాళ్లతో తొక్కి నీరు తీసేసి చున్యో అనే ఎండుదుంపలను చేసి ఏళ్ల తరబడి నిల్వ ఉంచుకుంటారు. యూరప్‌కు చేరినవి వేలాది రకాల్లో కొన్ని మాత్రమే. ఐర్లండ్ పేదలు ఎక్కువగా లంపర్ అనే ఒకే రకాన్ని నమ్ముకున్నారు. దుంపను నాటి పెంచే పంట కనుక ఆ మొక్కలన్నీ ఒకదానికొకటి నకళ్లే. 1845లో తెగులు వచ్చినప్పుడు అన్నీ ఒకేలా కుళ్లిపోయాయి. తర్వాతి కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షలకు పైగా దేశం విడిచి వెళ్లారు. ఆ కాలంలోనే ఐర్లండ్ నుంచి ధాన్యం ఎగుమతి అవుతూ ఉంది కనుక నేరమంతా తెగులుది మాత్రమే అనడం న్యాయం కాదు.

1971లో పెరూ రాజధాని లిమాలో ఏర్పడిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం ఆండీస్ రకాలను వేల సంఖ్యలో సేకరించి భద్రపరిచింది. పెరూలోనే కుస్కో నగరం సమీపంలో ఉన్న క్వెచువా ఆదివాసీ రైతుల గ్రామాలు 2004లో ఆ కేంద్రంతో ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం, తమ పొలాల్లో కనుమరుగైపోయిన వందలాది రకాలను తెగుళ్లు లేకుండా శుభ్రపరిచిన విత్తన దుంపల రూపంలో తిరిగి తెచ్చుకుని, మళ్లీ తమ పద్ధతిలోనే కలిపి నాటుకుంటున్నారు.