మగ తోడు లేని గుడ్లు: నా కర్రపురుగుల లాగ్

0వ వారం

ఈ రోజు ఒక ఆడపురుగును విడిగా పెట్టాను. దాని పేరు ముల్లమ్మ.

నా దగ్గర పెరుగుతున్నవి ఎక్స్‌టాటోసోమా టియారాటమ్ అనే జాతి కర్రపురుగులు. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఒళ్లంతా ముళ్లతో, ఎండి ముడుచుకున్న ఆకులా ఉంటాయి. ఆడది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఎగరలేదు. మగది చిన్నది, సన్నది, పొడవైన రెక్కలతో ఎగురుతుంది. మామూలుగా ఇవి జతకట్టే పిల్లల్ని కంటాయి. మగది దొరక్కపోయినా ఆడది గుడ్లు పెట్టడం ఆపదు, వాటిలోనూ కొన్ని పిల్లలవుతాయి. దీన్నే అనిషేక జననం అంటారు. ఈ మాట చదివినప్పటి నుంచి దాన్ని నా కళ్లతో చూడాలని ఉంది.

అయితే రేపు పిల్ల పుట్టాక ‘ఇది తండ్రి లేని పిల్ల’ అని నేను ధైర్యంగా చెప్పగలగాలి. చాలా జంతువుల్లో ఆడవి ఒకసారి జతకట్టి, ఆ శుక్రకణాలను ఒంట్లో దాచుకుని, తర్వాత ఎప్పుడో వాడుకుంటాయి. కాబట్టి పెద్దయ్యాక వేరుచేస్తే నమ్మకం ఉండదు. ఆఖరి కుబుసానికి ముందే విడదీయాలి. మగవి ఆడవాటికంటే త్వరగా ఎదుగుతాయి కనుక ఆలస్యం అసలు పనికిరాదు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. సగం పెరిగేసరికి ఆడదాని పొట్ట వెడల్పై, దాని మీద ముళ్లు, అంచుల్లో ఆకు రేకుల్లాంటి మడతలు వస్తాయి. మగదాని ఒళ్లు నున్నగా, సన్నగా ఉండి, వీపు మీద రెక్కల మొగ్గలు ఉబ్బుతాయి. ముల్లమ్మను తీసిన రోజుకు నా దగ్గరున్న మగవాటిలో ఒక్కదానికి కూడా రెక్కలు విప్పుకోలేదు. పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నది ఈ ముక్కే.

పెట్టె గురించి: ఎత్తు 60 సెంటీమీటర్లు, రెండు పక్కలా సన్నటి వల. పురుగు పొడవుకు కనీసం మూడింతల ఎత్తు ఉండాలి, ఎందుకంటే ఇవి తలకిందులుగా వేలాడుతూ కుబుసం విడుస్తాయి. కింద చోటు చాలకపోతే కాళ్లు వంకర తిరుగుతాయి. జామ కొమ్మలు, గులాబీ కొమ్మలు నీళ్ల సీసాలో పెట్టి, సీసా మూతి దూదితో బిగించాను. ఆ దూది లేకపోతే పిల్ల పురుగులు నీళ్లలోకి దిగి చచ్చిపోతాయి. మందు కొట్టిన ఆకు ఒక్కటి పడినా అంతే సంగతులు. వేడి 23 నుంచి 26 డిగ్రీలు. సాయంత్రం ఒకసారి నీళ్లు స్ప్రే చేయడం, పొద్దుటికల్లా ఆకులు ఆరిపోవడం, రెండూ ముఖ్యమే.

5వ వారం

రాత్రి ఆఖరి కుబుసం విడిచింది. రెండు రోజులుగా తిండి మానేసి పైకప్పు వలకు వేలాడుతోంటే అనుమానం వచ్చి, ఆ రోజు స్ప్రే కొంచెం ఎక్కువ చేశాను. పొద్దున్నే చూస్తే పాత చర్మాన్ని సగం తినేసింది. దాన్ని తీసేయకండి, తిననివ్వండి.

9వ వారం

పక్క గదిలో ఉండగా ‘టక్’ మని చప్పుడు. కాసేపటికి మళ్లీ. వెళ్లి చూస్తే ముల్లమ్మ తోక పైకెత్తి, ఒక్క విదిలింపుతో గుడ్డును గోడకేసి కొడుతోంది. అడుగున నాలుగు గుడ్లున్నాయి. ఒకటి అరచేతిలో పెట్టుకుని చూశాను. నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. బూడిద రంగు మీద గోధుమ మచ్చలు, నున్నగా మెరుస్తూ అచ్చం ఏదో గింజలా ఉంది. ఒక కొసన లేత పసుపు రంగు బొడిపె. అడవిలో చీమలు ఈ బొడిపె కోసమే గుడ్లను పుట్టలోకి మోసుకుపోతాయి, బొడిపె తిని గుడ్డును వదిలేస్తాయి. గుడ్డు అక్కడే భద్రంగా ఉంటుంది. దాన్నలా తిప్పి తిప్పి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

10వ వారం

పోలిక లేకుండా ఈ లాగ్‌కు అర్థం లేదు. ముల్లమ్మ తోబుట్టువే ఇంకొకటి మగదానితో కలిసి వేరే పెట్టెలో ఉంది. అదీ గుడ్లు మొదలుపెట్టింది. రెండింటి నుంచీ మొదటి 100 గుడ్లు లెక్కపెట్టి తీసి, వేర్వేరు డబ్బాల్లో ఉంచుతాను. ఒకటి ‘ఒంటరి’, రెండోది ‘జంట’. డబ్బా అడుగున రెండు సెంటీమీటర్ల వర్మిక్యులైట్ (తడిని పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు రవ్వ), మూతకు చిన్న చిల్లులు, మూడు రోజులకోసారి కాస్త తడి. గుడ్లను పూడ్చకుండా పైనే పరిచాను.

16వ వారం

ఒంటరి డబ్బాలో బూజు పట్టింది. తడి ఎక్కువైంది, తప్పు నాదే. మూత తీసి చూసేసరికి ఒక మూలంతా తెల్లటి నూగు. గుండె జారిపోయింది. బూజు ఎక్కువగా ఆ బొడిపెల మీదే ఉంది. మెత్తటి బ్రష్‌తో ఒక్కో గుడ్డునూ తుడిచి, కొత్త వర్మిక్యులైట్‌లోకి మార్చాను. రెండు డబ్బాల్లోనూ స్ప్రింగ్‌టెయిల్స్ వదిలాను. ఇవి బూజును తిని బతికే చిన్న చిన్న జీవులు, గుడ్ల జోలికి రావు. ఇది మొదటి రోజే చేయాల్సిన పని. పోలిక చెడకూడదని జంట డబ్బాలోని గుడ్లను కూడా అలాగే తుడిచాను.

22వ వారం

రాయడానికేమీ లేదు. తడి, గాలి, ఎదురుచూపు.

ఈ ఖాళీలో చార్లెస్ బొనే గురించి చదివాను. 1740లో, ఇరవయ్యేళ్ల వయసులో, జెనీవాకు చెందిన ఈ కుర్రవాడు అప్పుడే పుట్టిన ఒక పేనుబంక పురుగును గాజు పాత్ర కింద ఒంటరిగా ఉంచాడు. అది పెరిగి, మగదాని ముఖం చూడకుండానే 95 పిల్లల్ని కన్నది. ప్రతిదీ పుట్టిన రోజు, గంట రాసుకున్నాడు. పుట్టిన క్షణం నుంచీ దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు కాబట్టే లోకం నమ్మింది. నా పుస్తకంలోని మొదటి పేజీ తీసి ఇంకోసారి చదువుకున్నాను.

30వ వారం

జంట డబ్బాలో పిల్లలు వస్తున్నాయి. వారంలో తొమ్మిది. ఒంటరి డబ్బాలో ఏమీ లేదు. అవి చచ్చు గుడ్లు, పారేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. పారేయను. ఈ జాతిలో మగదానితో కలవని ఆడది పెట్టిన గుడ్లు ఎనిమిది తొమ్మిది నెలలు, అంతకంటే ఎక్కువ కూడా తీసుకుంటాయి. ఇక్కడ తొందరపడి డబ్బా ఖాళీ చేసేవాళ్లే ఎక్కువ.

41వ వారం

ముల్లమ్మ చనిపోయింది. మూడు రోజులుగా కొమ్మ పట్టు జారుతూనే ఉంది. ఆఖరి వారం కూడా రెండు గుడ్లు పెట్టింది. వాటినీ తీసి దాచాను.

43వ వారం

వచ్చింది!

రాత్రి స్ప్రే చేయబోతుంటే ఒక గుడ్డు మూత పక్కకు తొలగి ఉంది. లోపల్నుంచి ఎర్రటి తల. కాళ్లు ఒక్కొక్కటే మడత విప్పుకుంటూ, పావుగంటలో ఒళ్లంతా బయటపడింది. నల్లటి ఒళ్లు, మెడ దగ్గర తెల్లటి పట్టీ, నారింజ ఎరుపు తల. తోక వీపు మీదికి మెలితిప్పి పరుగందుకుంది. ఈ జాతి పిల్లలు మొదటి రోజుల్లో ఒక రకం చీమల్లా కనిపిస్తాయి, చీమల్లాగే ఉరుకుతాయి. గుడ్డు పెంకు ఒక వెనక కాలికి అంటుకుని ఉంటే పీకలేదు. తడి దూది తాకించి ఉంచాను, అరగంటకు తనంతట ఊడిపోయింది. పీకితే కాలు ఊడొస్తుంది, అది జంట పిల్లల్లో ఒకదానితో నేర్చుకున్నాను.

ఆ గుడ్డు పెట్టిన తేదీ నుంచి సరిగ్గా 236 రోజులు.

47వ వారం

ఇప్పటికి ఏడు పిల్లలు. అన్నీ ఆడవే అవుతాయా అన్నది నన్ను చాలామంది అడిగిన ప్రశ్న. అవుతాయనే నేననుకుంటున్నాను. కర్రపురుగుల్లో ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒకటే. తల్లి నుంచి మాత్రమే వచ్చిన పిల్లకు మామూలుగా రెండు ఎక్స్‌లూ ఉంటాయి, అంటే అది ఆడదే.

కొమొడో డ్రాగన్ అనే పెద్ద బల్లుల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆడదానికే రెండు వేర్వేరు క్రోమోజోములు, జడ్, డబ్ల్యు. ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే ఆడది మగ తోడు లేకుండా పెట్టిన గుడ్ల సంగతి 2006లో బయటపడింది. వాటిలోంచి వచ్చినవన్నీ మగవే, ఎందుకంటే రెండు జడ్‌లు చేరితే మగది అవుతుంది, రెండు డబ్ల్యులు చేరిన పిండం బతకదు. ఒంటరి ఆడది ఏ దీవికో చేరితే ముందు కొడుకులను కంటుందన్నమాట. ఆ లెక్క అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నేను ముల్లమ్మను అంత ముందుగా ఎందుకు వేరుచేశానో చెప్పే ఉదాహరణ లియోనీ అనే జీబ్రా షార్క్. అది ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో ఉన్న రీఫ్ హెచ్‌క్యూ అక్వేరియంలో అంతకుముందు మగదానితో పిల్లల్ని కన్నది. విడదీశాక, 2016లో, మళ్లీ మూడు పిల్లలు. దాచుకున్న శుక్రకణాలేమో అన్న అనుమానం రావడం సహజం. డీఎన్ఏ పరీక్షలో తల్లి వాటా మాత్రమే కనిపించాకే తేలింది. నా దగ్గర ఆ పరీక్ష లేదు. ఉన్నది తేదీ మాత్రమే.

మగది లేకపోవడమే కారణమని కూడా గట్టిగా అనలేం. కాలిఫోర్నియా కాండర్ రాబందుల్లో రెండు తండ్రి లేని పిల్లల్ని 2021లో శాన్ డియేగో జూ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ తల్లుల పక్కనే పిల్లల్ని కనగల మగ పక్షులున్నాయి! క్షీరదాల్లో మాత్రం సహజంగా ఇది జరగదు. కొన్ని జన్యువులు తండ్రి వైపు నుంచి వస్తేనే పనిచేస్తాయి.

55వ వారం

ఈ రోజు లెక్క. జంట డబ్బా: 100కి 63, గత రెండు నెలల్లో కొత్తవి లేవు. ఒంటరి డబ్బా: 100కి 14, చివరిది మొన్ననే వచ్చింది. వీటిలో మూడు చనిపోయాయి, రెండు మొదటి వారంలోనే ఆకు ముట్టకుండా. చిన్న పిల్లలకు ఆకు అంచును కత్తెరతో కోసి ఇస్తే త్వరగా మొదలుపెడతాయి. ఇది ఆలస్యంగా తెలిసింది, తెలిశాక ఒక్కటి కూడా పోలేదు.

పెద్ద పిల్లలు నాలుగు మూడోసారి కుబుసం విడిచాయి. లెన్స్ పెట్టి చూశాను. నాలుగింటి పొట్ట మీదా ముళ్లు మొలుస్తున్నాయి, రెక్కల మొగ్గల జాడ లేదు. మిగతావాటిని ఇంకో కుబుసం అయ్యాక చూస్తాను.

ఒంటరి డబ్బాలో ఇంకా 86 ఉన్నాయి. నొక్కితే లొట్టపడినవి పదకొండు, వాటిని తీసేశాను. మిగిలిన 75 గట్టిగా, బరువుగా ఉన్నాయి. వచ్చే తడి గురువారం.