ఎల్లోస్టోన్‌లో పప్పు ఉడకలేదు

మేం డాలస్‌లో ఉంటాం. పోయిన వేసవిలో అత్తయ్య గుంటూరు నుంచి వస్తే, ఆవిడనీ పిల్లలిద్దరినీ తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్లాం. పార్కు లోపలే గది తీసుకుందామని మా ఆయన. నేను అడ్డం పడ్డాను. లోపలి గదుల్లో వంట చేసుకోనివ్వరు. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. పిల్లల సంగతి అంతకు ముందు గ్రాండ్ కాన్యన్ వెళ్లినప్పుడే చూశాను. పొద్దున పాన్‌కేకులు, మధ్యాహ్నం ఫ్రైస్, రాత్రి పిజ్జా. మూడో రోజుకి చిన్నదానికి కడుపునొప్పి.

అందుకే పడమటి గేటును ఆనుకుని ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో వెతికాం. ముందు అద్దె ఇళ్లు చూశాం. రాత్రికింత అని చూస్తే చవకే, క్లీనింగ్ ఫీజు కలిసేసరికి గుండె గుభేలుమంది. ఆ ఫీజు ఒక్క రాత్రి ఉన్నా అంతే, వారం ఉన్నా అంతే. మేం ఉండేది నాలుగు రాత్రులే కాబట్టి వంటగది ఉన్న హోటల్ గదే నయమనిపించింది. రెండు పొయ్యిలు, పెద్ద ఫ్రిజ్, గిన్నెలు. "సత్రంలా ఉందే!" అని అత్తయ్య సంబరపడ్డారు.

ఐదుగురం బయట ఒక పూట తింటే టిప్పుతో కలిపి 110 డాలర్ల దాకా అయ్యింది. దారిలో సాల్ట్ లేక్ సిటీలో కొన్న కూరగాయలు, పాలు, పెరుగు, పళ్లు అన్నీ కలిపి 130. నాలుగు రోజులూ వచ్చాయి.

బియ్యం, కందిపప్పు, పోపుల డబ్బా, ఇంట్లో చేసిన పులిహోర గుజ్జు పెట్టెలో సర్దుకున్నాను. ఆవకాయ సీసా కూడా చెక్-ఇన్ పెట్టెలోనే. చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల రూలు చెప్పి సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు. బరువని ఇన్‌స్టంట్ పాట్, అంటే కరెంటు ప్రెషర్ కుక్కరు, ఒక్కటీ ఇంట్లో వదిలేశాను. అక్కడే దెబ్బతిన్నాం.

ఆ ఊరు 6,667 అడుగుల ఎత్తులో ఉంది. మొదటి రాత్రి హోటల్ గిన్నెలో కందిపప్పు గంటంబావు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంది. "పాత పప్పు పోసుంటాడు కొట్టువాడు" అని అత్తయ్య తీర్మానించారు. మా పదకొండేళ్లవాడు ఫోన్ పక్కన పెట్టి వచ్చి, "నానమ్మా, ఇక్కడ గాలి తక్కువ. నీళ్లు తొందరగా బాయిల్ అవుతాయి, కానీ అంత వేడి ఉండవు" అన్నాడు. నిజమే, అక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. వాడు తెలుగులో అంత పొడవు మాట మాట్లాడటం చాలా రోజుల తర్వాత విన్నాను. మర్నాటి నుంచి నానబెట్టిన పెసరపప్పుతో సరిపెట్టాం. మీరు వెళ్తే మాత్రం చిన్న కుక్కరు తీసుకెళ్లండి.

అదే రాత్రి ఇంకోటి జరిగింది. తాలింపులో ఎండుమిరపకాయలు వేశానో లేదో, స్మోక్ అలారం మోగింది. అత్తయ్య తువ్వాలుతో విసురుతున్నారు, మా ఆయన కిటికీలు తీస్తున్నారు. మావాడు హుడీ తలమీదికి లాక్కుని, "అమ్మా, కారిడార్ అంతా మన వాసనే" అన్నాడు. "మన" అన్నందుకు సంతోషించాలో, ఆ సిగ్గుకి బాధపడాలో తెలియలేదు. తర్వాత మూడు రోజులూ అక్కడ పోపు పెట్టలేదు.

వంటగది ఉంది కదా అని మూడు పూటలా వండితే వండేవాళ్లకి అది సెలవు కాదు. ఉదయం హోటల్ వాళ్ల టిఫినే తిన్నాం, ఒక రాత్రి పిల్లలు అడిగిన పిజ్జా తెచ్చుకున్నాం. మధ్యాహ్నాలు మాత్రం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని పార్కులో పిక్నిక్ బల్లల దగ్గర తిన్నాం.

చివరి రోజు అలాగే తింటుంటే, అత్తయ్య అలవాటుగా మొదటి ముద్ద తీసి బల్ల చివర పెట్టారు. ఎదురుగా కొమ్మ మీద ఇంత లావు బొంతకాకి. ఏడేళ్ల మా పాప చొక్కాకి, పార్కు వాళ్లు పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ బ్యాడ్జి, అంతకు ముందు రోజే వచ్చినది, ఉంది. "నానమ్మా, నో! వైల్డ్‌లైఫ్‌కి ఫుడ్ పెట్టకూడదు. అవి బ్యాగ్ జిప్పులు కూడా తీసేస్తాయి!"

"కాకికి పెట్టకుండా ఎలా తింటామే?" అన్నారు అత్తయ్య.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పెరుగన్నం కలుపుతూ తల ఎత్తలేదు. కాసేపటికి అత్తయ్యే ఆ ముద్ద తీసి పాప నోట్లో పెట్టేశారు. కాకి ఇంకాసేపు చూసి వెళ్లిపోయింది.