16 అని రాస్తే 26 కోట్లు అని చదివింది

మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) అనగానే మనవాళ్లలో చాలామందికి కోబాల్, జేసీఎల్ లాంటి పాత భాషలు గుర్తొస్తాయి. కానీ ఆ మెషీన్ల మీద లినక్స్ కూడా నడుస్తుంది. ఐబీఎం 1999 డిసెంబరులోనే దాని ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) బయటపెట్టింది, ఇప్పుడు డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ రకాలు ఎస్390ఎక్స్ పేరుతో ఆ పోర్ట్ (ఆ మెషీన్ మీద నడిచేలా మార్చిన రూపం) ఇస్తున్నాయి. డేటాను కుదించి ఫైల్లో దాచే ఒక చిన్న సీ లైబ్రరీని రెండు నెలలుగా ఖాళీ దొరికినప్పుడల్లా దానిమీదికి తెస్తున్నాను. మెయిన్‌ఫ్రేమ్ నా దగ్గర లేదు, ల్యాప్‌టాప్‌లో వేరే మెషీన్‌ని అనుకరించే క్యూఎము చాలు, కాకపోతే బాగా నెమ్మది.

కంపైల్ ఒక్క వార్నింగ్ లేకుండా అయిపోయింది, టెన్షన్ అంతా ఆ తర్వాతే. ల్యాప్‌టాప్‌లో తయారైన ఫైల్ తెరిస్తే, హెడర్లో (ఫైల్ మొదట్లోని వివరాల్లో) పొడవు 16 ఉండాల్సిన చోట 26,84,35,456 అని చదివి అంత మెమరీ అడిగింది.

పాత పద్యాల్లో, శాసనాల్లో సంవత్సరాన్ని మాటల్లో చెప్పేటప్పుడు అంకానాం వామతో గతిః అంటారు కదా. వేదాలు 4, బాణాలు 5, కాబట్టి 'వేద బాణ' అంటే 45 కాదు, 54. ఒకట్ల స్థానం ముందు వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ మెమరీలో బైట్లు పెట్టేదీ అలాగే, చిన్నది ముందు. మెయిన్‌ఫ్రేమ్ మనం కాగితం మీద అంకెలు వేసినట్టు పెద్దది ముందు పెడుతుంది. మా కోడ్ నాలుగు బైట్ల సంఖ్యను మెమరీలో ఉన్నది ఉన్నట్టే ఫైల్లోకి కాపీ చేసేస్తోంది, చదివేటప్పుడూ అంతే. షిఫ్ట్ చేసి ఒక్కొక్క బైట్ ఎప్పుడూ ఒకే వరుసలో రాసేలా, చదివేలా మార్చాక రెండు చోట్లా సరిపోయింది.

రెండో బగ్‌కి మాత్రం నాలుగు రాత్రులు పట్టింది. ఒక ఫంక్షన్ 8 బైట్ల సైజు రాసిపెడుతుంది, పిలిచినవాళ్లేమో 4 బైట్ల వేరియబుల్ అడ్రస్‌ని కాస్ట్ చేసి (8 బైట్లదే అన్నట్టు టైప్ మార్చి) ఇచ్చారు. ఇంటెల్ మీద అసలు విలువ మొదటి నాలుగు బైట్లలో పడుతుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ పక్కనున్న వేరియబుల్ మీద సున్నాలు పడుతున్నాయి. మెయిన్‌ఫ్రేమ్ మీద సైజు సున్నా అయిపోయి, అసలు విలువ పక్కదాని మీద పడింది, అందుకే దొరికింది. అంటే తప్పు మొదటినుంచీ అందరి కంప్యూటర్లలోనూ ఉంది! "మెయిన్‌ఫ్రేమ్ మీద ఇది ఎవరు వాడతారు?" అని అడిగిన, ఆ లైబ్రరీ చూసుకునే మెయింటెయినర్‌కి నేను చూపించింది ఇదే, ప్యాచ్ ఆ రోజే తీసుకున్నారు.

ఒక బైట్ పట్టే చార్ టైప్ మెయిన్‌ఫ్రేమ్ లినక్స్ మీద నెగెటివ్ విలువ పట్టదు కాబట్టి -1 తో పోల్చే ఒక లూప్ ఆగకుండా తిరిగింది, దాన్ని ఇంట్‌గా మార్చాను. ఆర్మ్ ప్రాసెసర్ల లినక్స్ మీద కూడా అదే బగ్ వచ్చేది.

ఇక మిగిలింది ఎస్ఎస్ఈ (ఇంటెల్ ప్రాసెసర్లలో ఒకేసారి చాలా సంఖ్యల మీద పనిచేసే) ఇన్‌స్ట్రక్షన్లతో రాసిన ఒక్క ఫైల్. ప్రస్తుతానికి మామూలు సీ కోడ్ పెట్టాను. జెడ్13 మోడల్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌లోనూ అలాంటి వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి, వాటితో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి, కలిసి రాద్దాం.